ఎవరి తాలూకండీ?

కోనసీమలో కొత్త మనిషి వీధి అరుగు దగ్గర ఆగితే పేరు అడగడం రెండో మాటే. మొదట “ఎవరి తాలూకండీ?” అన్న ప్రశ్నే వస్తుంది. ఏ ఊరు, ఎవరబ్బాయి, ఎవరింటి అల్లుడు, ఎవరు పంపితే వచ్చారు, అన్నీ ఆ రెండు మాటల్లో ఇమిడిపోతాయి. అందులో ఆప్యాయత ఉంది; కుర్చీ వేసి, బొండం కొట్టి ఇచ్చే మర్యాద దాని వెనకాలే వస్తుంది. ఆరా కూడా ఉంది. ఇంటిపేరు చెబితే కులం తెలుస్తుంది, ఊరు చెబితే పేట తెలుస్తుంది, పేట చెబితే మిగతాదంతా ఊహకు అందుతుంది. ఆ మనిషి చేతిలో ఏ పని ఉందో మాత్రం చిట్టచివర గానీ బయటికి రాదు. మూడున్నర అంగుళాల పొడవు, రెండంగుళాల ఎత్తు ఉండే ఒక అట్టముక్క ఈ వరసను తిరగేయగలదు. ఎవరి తాలూకు అన్నదాన్ని వెనక్కి జరిపి, ఏం చేస్తారు, ఎక్కడ దొరుకుతారు అన్న రెండింటినీ ముందుకు తేగలదు. విజిటింగ్ కార్డుకున్న అసలు గొప్పతనం అదేనని, దాని మీద ఏది ఉండాలి, ఏది వద్దు అన్న లెక్కంతా అక్కణ్ణుంచే మొదలవ్వాలని నా నమ్మకం. అమలాపురంలో చేతులు మారే కార్డుల్లో చాలావాటిని చూస్తే, పాత ప్రశ్నకే కొత్త అట్ట మీద జవాబు చెబుతున్నట్టు ఉంటుంది.

మన నోట్లో నానిన పేరులోనే ఒక తికమక ఉంది. బిజినెస్ కార్డు అని మన వైపు ఎవరూ అనరు. కొబ్బరి వర్తకుడైనా, కరెంటు పని చేసేవాడైనా విజిటింగ్ కార్డు అనే అంటాడు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు పెద్దింటివాళ్ళు ఒకరింటికి ఒకరు వెళ్ళినప్పుడు నౌకరు చేతిలో పెట్టిన పేరుచీటీ అది. దాని మీద పేరు తప్ప పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆ పేరు ఎవరిదో, ఏ కుటుంబానిదో ఆ ఇంట్లో ముందే తెలిసి ఉంటుంది కాబట్టి అంతకంటే అక్కర్లేదు. అంటే అది అచ్చంగా ‘ఎవరి తాలూకు’ కార్డు. వర్తకుల కార్డుది వేరే వంశం. పదిహేడో శతాబ్దం నుంచే లండను దుకాణదారులు తమ సరుకు, దుకాణం గుర్తు, అక్కడికి దారి అచ్చువేయించి కొన్నవాళ్ళ చేతిలో పెట్టేవారు. డైరీతో పేరుపడ్డ శామ్యూల్ పీప్స్ అలాంటివి పోగుచేసి దాచాడు. 1925లో ఆంబ్రోస్ హీల్ అనే ఆయన పద్దెనిమిదో శతాబ్దపు లండను వర్తకుల కార్డుల మీద ఒక పుస్తకమే తెచ్చాడు. 1760ల ముందు అక్కడి చాలా వీధుల్లో ఇళ్ళకు నంబర్లు లేవు. అందుకని ఆ కార్డులు ఫలానా చర్చికి ఎదురుగా, ఫలానా బొమ్మ వేలాడే చోట అని దారి చెప్పేవి. మనకు మాట మొదటి వంశం నుంచి దిగింది. పనికొచ్చే పద్ధతి మాత్రం రెండో వంశంలో ఉంది.

దారి చెప్పడంలో అమలాపురం ఆ పాత లండనుకు తీసిపోదు. గడియార స్తంభం సెంటరు, ఎర్రవంతెన, నల్లవంతెన, హైస్కూలు సెంటరు, ముమ్మిడివరం గేటు, ఈదరపల్లి వంతెన: వీటిలో ఏది చెప్పినా ఆటో అతను ఇంకో ప్రశ్న అడగడు. గీతలూ అంకెలూ కలిసిన డోరు నంబరు చెబితే పోస్టుమాన్ తప్ప ఎవరూ కదలరు. అయినా కార్డు అచ్చువేయించేటప్పుడు ఎర్రవంతెన మాయమై డోరు నంబరు, వార్డు, జిల్లా, పిన్ కోడు వరసగా వచ్చి కూర్చుంటాయి. పల్లెటూరి తీరుగా ఉంటుందని వంతెన పేరు వదిలేస్తారు. అసలు ఈ రెంటిలో ఏది నిలకడైనదో చూడండి. కిందటి కార్డుల మీద తూర్పు గోదావరి జిల్లా అని ఉండేది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది, ఆ ఏడాదే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయింది. ఊరి మీదుగా పోయే జాతీయ రహదారి నంబరు 214 నుంచి 216కి మారింది. 08856 కోడు ముందు పెట్టుకున్న ల్యాండ్‌లైన్లు చాలావరకు మూలపడ్డాయి. సర్కారీ కాగితాల మీద ఉన్నవి చాలావరకు మారాయి, ఎర్రవంతెన ఇప్పటికీ ఎర్రవంతెనే. పిన్ కోడు వద్దని నేననడం లేదు, పార్సిలుకు 533201 కావాలి. కానీ ఆ అంకెలు కింద చిన్నగా ఉంటే చాలు. జనం నోట పలికే గుర్తు పైన, కంటికి ఆనేలా ఉండాలి.

కార్డు ఇచ్చిన మనిషి దాన్ని మళ్ళీ చదవడు. చదివేది పుచ్చుకున్నవాళ్ళు, అదీ వెంటనే చదవరు. చేతికి అందిన క్షణంలో ఇచ్చినవాడు ఎదురుగానే ఉంటాడు, కార్డుతో పని ఉండదు, అది చొక్కా జేబులోకి పోతుంది. అక్కణ్ణుంచి ఫోను కవరు వెనక్కో, అద్దం ఫ్రేము సందులోకో, క్యాలెండరు మేకుకో, కరెంటు మీటరు బోర్డు మీదికో చేరుతుంది. మూడు నెలలకు ఒక రాత్రి నీళ్ళ మోటారు ఆగిపోతుంది. లేదా ముహూర్తం దగ్గరపడి సప్లయి కంపెనీ కోసం వెతుకులాట మొదలవుతుంది. అప్పుడు ఆ కార్డును బయటికి తీసేది చాలాసార్లు వేరే మనిషి. పుచ్చుకున్నవాళ్ళు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. ఇంట్లో ఉన్న పెద్దావిడో, ఇంటర్ చదివే పిల్లో వెతుకుతారు. వాళ్ళు ఇచ్చినవాడి ముఖం చూడలేదు, మాట వినలేదు. వాళ్ళకు తెలిసింది మోటారు ఆగిందన్న సంగతి ఒక్కటే. కార్డు ఎవరి కోసం తయారవ్వాలి అని అడిగితే నా జవాబు ఆ పెద్దావిడే.

దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. మన ఫోన్లలో నంబర్లు ఏ పేర్లతో దాచుకుంటామో ఒకసారి గమనిస్తే చాలు. ‘ఏసీ మెకానిక్ నల్లవంతెన’, ‘దింపు అబ్బులు’, ‘షామియానా ముమ్మిడివరం’, ‘గ్యాసు బండ’. పని ముందు, తర్వాత మనిషో చోటో. చెట్టెక్కి కాయ దించే అతని పూర్తి పేరు ఆ ఫోనులో ఎక్కడా ఉండదు. ఇది అగౌరవం అనిపించవచ్చు, కానీ అవసరం పడ్డప్పుడు మనసు ఏ మాటతో వెతుకుతుందో ఆ మాటతోనే దాచుకుంటున్నాం. ఎవరూ నేర్పని ఈ పద్ధతి ఇన్ని చేతుల్లో ఒకేలా ఉందంటే, కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఏది ఉండాలో కొనేవాళ్ళే రాసి చూపిస్తున్నట్టు లెక్క. డీటీపీ సెంటరులో మేటరు రాసివ్వబోయే మనిషికి నేను చెప్పగలిగే మాట ఒకటే. మీ నంబరును జనం ఏ పేరుతో సేవ్ చేసుకుంటారో ముందు కనుక్కోండి, అదే మీ కార్డు మొదటి పంక్తి.

పేరు విషయం కాస్త నిదానంగా చూడాలి. గోదావరి జిల్లాల్లో మనిషికి రెండు పేర్లు. రేషను కార్డులో వెంకట సత్య సూర్యనారాయణమూర్తి ఉంటాడు. ఊళ్ళో ఆయన దొరబాబు, అబ్బులు, చంటి, లేదా బుల్లబ్బాయి. విజిటింగ్ కార్డుకు వచ్చేసరికి మొదటి పేరు నాలుగైదు పొడి అక్షరాలూ ఒక మూర్తిగా చితికిపోతుంది, రెండోది కనపడదు. ఆ పొడి అక్షరాలు ఎవరికీ గుర్తుండవు. ఫోనెత్తి “మూర్తిగారాండీ” అంటే అవతలివాడు ఏ మూర్తి అంటాడు. పిలిచే పేరు అచ్చువేయిస్తే చులకన అవుతామన్న బెంగ నాకు అర్థమవుతుంది, కానీ గౌరవం ‘గారు’లో ఉంది, పొడి అక్షరాల్లో లేదు. దొరబాబుగారూ అని పిలిపించుకోవడానికి దొరబాబు అనే అచ్చువేయించాలి. పూర్తి పేరు కిందో పక్కనో ఉండనివ్వండి. దుకాణం పేరుతో ఇంకో చిక్కు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి, అయినవిల్లి సిద్ధివినాయకుడు, అప్పనపల్లి బాలబాలాజీ ఉన్న సీమలో వాళ్ళ పేర్లు పెట్టుకోని వ్యాపారం అరుదు. ఆ భక్తిని నేను తప్పుపట్టను. పైన ఒక పంక్తి దేవుడికి ఇవ్వడం మన అచ్చు సంప్రదాయం. అయితే ఒకే రోడ్డు మీద ముగ్గురు లక్ష్మీనరసింహలు ఉన్నప్పుడు ఆ పేరు ఎవరినీ విడదీసి చూపించదు. విడదీసేది పని, చోటు, పిలిచే పేరు. దేవుడి పేరు అందరిదీ, ఈ మూడూ మాత్రం ఆయనవే.

పని అని చెప్పి మసక మాట వేసినా లాభం లేదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు వర్తకుడి కార్డు మీద ‘కోకోనట్ మర్చంట్స్ అండ్ కమిషన్ ఏజెంట్స్’ అని ఉంటుంది. ఆ మార్కెట్టులో అందరూ అదే కదా. ఆయన నడిపేది పచ్చికాయా, కొత్తకొబ్బరా, ఎండిన కురిడీయా? కురిడీలో గండేరా, గటగట రకాలు రెండూ ఉన్నాయా? వెయ్యి కాయ లెక్కన లారీ ఎత్తుతాడా, చిన్న బేరం కూడా చూస్తాడా? ఈ మాటల్లో రెండు కార్డు మీద పడితే రాజస్థాన్ నుంచో గుజరాత్ నుంచో వచ్చిన బేరగాడికి సగం మాట అయిపోయినట్టే. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. చిన్న ఊళ్ళో ఒక పనితో ఇల్లు గడవదు; మనిషి స్థలాలు అమ్మిపెడతాడు, ఇన్సూరెన్సు చేస్తాడు, పెళ్ళిళ్ళకు వీడియో తీయిస్తాడు; అన్నీ ఒకే కార్డు మీద వేసుకోక ఏం చేస్తాడు? అతని కష్టం నిజం, పరిష్కారమే తప్పు. నాలుగు పనులు ఒకే అట్ట మీద చదివిన మనిషి నాలుగింటికీ నాలుగు వంతుల నమ్మకం ఇవ్వడు, ఒక్క నమ్మకాన్నే నాలుగు ముక్కలు చేస్తాడు. పెళ్ళి వీడియో కోసం వెతికేవాళ్ళకు ఇన్సూరెన్సు అన్న మాట అడ్డమే. కార్డులు వెయ్యి లెక్కన అచ్చవుతున్న రోజుల్లో రెండు పనులకు రెండు రకాలు వేయించుకోవడం అంత మోయలేని ఖర్చు కాదు. ఎదుటివాళ్ళకు ఏది కావాలో ఒక్క క్షణం ఆలోచించి ఆ కార్డే తీసివ్వడం కూడా పనితనమే.

ఇక కార్డును ఆక్రమించిన బొమ్మల గురించి. ఫ్లెక్సీ మన కళ్ళకు నేర్పిన అలవాటు ఇది. సెంటరులో ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద నాయకుల ముఖాలు వరసగా ఉంటాయి, కింద శుభాకాంక్షలు చెప్పేవాడి ముఖం ఉంటుంది. ఆ ఫ్లెక్సీనే కుదించి కార్డు చేస్తున్నారు. ఫ్లెక్సీ పని వేరు: అటు పోయే బండి మీది మనిషి తల తిప్పితే చాలు దానికి. కార్డును మూరెడు దూరంలో పెట్టుకుని, అవసరంలో, ఒక్కో అంకె చూస్తూ చదువుతారు. పై మూలన నాయకుడి ముఖం, కింది మూలన తన ముఖం, వెనకాల పార్టీ రంగు పరిచాక అంకెలకు మిగిలేది చీమంత చోటు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఆ ముఖాలు చెప్పేది మళ్ళీ ఎవరి తాలూకు అన్నదే. 2022 మే 24న జిల్లా పేరు మీద ఈ ఊళ్ళో ఇళ్ళు తగలబడ్డాయి. ఎవరు ఎటువైపు అన్న లెక్క ఎంత దూరం పోగలదో అమలాపురానికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. కుళాయి బాగుచేసే మనిషి, అద్దాలు బిగించే మనిషి తన కార్డు మీద ఆ లెక్క వేసుకుంటే ఊళ్ళో సగం గుమ్మాలు తనే మూసుకున్నట్టు. మూడు సింహాల గుర్తు వేయించుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అర్హత లేకుండా దాన్ని వాడితే 2005 నాటి చట్టం కింద రెండేళ్ళ దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. వకీళ్ళ సంగతి ఇంకా ఆలోచించదగ్గది. భారత బార్ కౌన్సిల్ నియమాల్లో 36వది వాళ్ళ బోర్డుల మీదా, అచ్చు కాగితాల మీదా ఏది ఉండకూడదో చెబుతుంది: ఫలానా సంఘానికి అధ్యక్షుడని, ఫలానా వ్యక్తికీ సంస్థకూ దగ్గరవాడని, ఒకప్పుడు జడ్జిగా చేశానని వేసుకోకూడదు. అంటే తాలూకు చెప్పుకోవద్దని ఒక వృత్తి తనకు తాను గీత గీసుకుంది. ఈ గీతను మిగతా పనులవాళ్ళు కూడా అరువు తెచ్చుకోవచ్చు.

అక్షరాల లెక్కకు వద్దాం, ఎందుకంటే మంచి ఉద్దేశం కూడా చివరికి అక్కడే పాడవుతుంది. అచ్చు కొలతలో అంగుళానికి 72 పాయింట్లు. రెండంగుళాల ఎత్తులో పైనా కిందా పావు అంగుళం చొప్పున వదిలితే మిగిలేది 108 పాయింట్లు. తెలుగు అక్షరానికి పైన గుడి, దీర్ఘం, కింద ఒత్తులు ఉంటాయి. ‘శ్రీ లక్ష్మీ’ అని రాసి చూస్తే ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల పంక్తి కన్నా దానికి ఎంత ఎక్కువ జాగా కావాలో తెలుస్తుంది. 9 పాయింట్లు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. తెలుగు అంతకంటే చిన్నదైతే ఒత్తు మసి చుక్క అవుతుందని నా అంచనా. ఆ అక్షరానికి పంక్తి పంక్తికీ మధ్య 15 పాయింట్లైనా ఇవ్వాలి. 108ని 15తో భాగిస్తే ఏడు. మొత్తం కార్డుకు ఏడు పంక్తులు, అంతే. పని పేరు పెద్దగా వేస్తే రెండు పంక్తుల జాగా పోతుంది, మిగిలేది ఐదు: పిలిచే పేరు, గుర్తున్న చోటు, ఊరు, ఫోను నంబరు, ఊపిరి పీల్చుకోవడానికి ఒక ఖాళీ. ఇది రుచికి సంబంధించిన విషయంలా అందరూ మాట్లాడతారు గానీ భాగహారం చెప్పిన సంగతి. నలభై దాటిన కంటికి వచ్చే చత్వారానికి ఆ పేరు వచ్చిందే నలభై అని అర్థమిచ్చే సంస్కృత మాట నుంచి. ఇంటి ఖర్చుకు డబ్బు తీసే చెయ్యి ఎక్కువగా ఆ వయసుదే. సీసం అచ్చుల కాలంలో కంపోజిటరు ఒక్కో అక్షరం, ఒక్కో ఒత్తు గడిలోంచి ఏరి పేర్చేవాడు, కాబట్టి అడిగేవాళ్ళు కూడా ఆచితూచి అడిగేవారు. ఇప్పుడు మౌసుతో అక్షరాన్ని ఎంతైనా నొక్కేయొచ్చు. ఆ సుఖమే మన కార్డులను పాడుచేసింది. పది అంకెల ఫోను నంబరును ఐదూ ఐదుగా విడదీయడం, లేత పసుపు మీద తెలుపు అక్షరం పెట్టకపోవడం లాంటివి ప్రూఫు చూసే ఐదు నిమిషాల్లో అయిపోయే పనులు.

తెలుగా, ఇంగ్లీషా అన్నచోట చాలామంది నాతో విభేదిస్తారు. ఇంగ్లీషులో ఉంటే హుందాగా ఉంటుంది, తెలుగులో ఉంటే కరపత్రంలా కనిపిస్తుంది అంటారు. తెలుగు కరపత్రంలా కనిపించడానికి కారణం దానికి ఏళ్ళ తరబడి అవే రెండు మూడు లావుపాటి ఫాంట్లు వాడటం. ఇప్పుడు మండలి, సురవరం, గిడుగు, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో నిదానంగా చదివించే సన్నని అక్షరాలున్నాయి, బోర్డుకు పనికొచ్చే బరువైనవీ ఉన్నాయి. ఖతి ఎంచుకునే ఓపిక చూపించకుండా తప్పును భాష మీదికి నెట్టడం న్యాయం కాదు. అయితే ఇంగ్లీషు వద్దనడానికి నాకు ఏ పట్టుదలా లేదు. చదివేవాళ్ళెవరు అన్న ప్రశ్నే దీనికీ జవాబు చెబుతుంది. మీటరు బోర్డు మీద అతికే కార్డుకు తెలుగు చాలు. అంబాజీపేట నుంచి ఉత్తరాదికి కురిడీ పంపే వర్తకుడికి ఒక పక్క హిందీయో ఇంగ్లీషో తప్పదు. బండారులంక నేత చీరలు హైదరాబాదులో అమ్మేవాళ్ళకు రెండూ కావాలి. జపానులో విదేశీయులతో బేరం ఉన్నవాళ్ళు ఒక వైపు జపనీస్, రెండో వైపు ఇంగ్లీషు వేయించి, ఎదుటివాళ్ళ భాష పైకి వచ్చేలా తిప్పి, రెండు చేతులతో అందిస్తారు. పుచ్చుకున్నవాళ్ళు దాన్ని వెంటనే జేబులో కుక్కకుండా చదివి చూస్తారు. ఎదుటివాడి కంటికి తిప్పి ఇవ్వడం అన్న ఆ చిన్న మర్యాదలోనే కార్డు రూపకల్పన అంతా ఉందని నాకనిపిస్తుంది. రెండు భాషలను ఒకే వైపు పోటీకి దింపితే మాత్రం పైన వేసిన ఏడు పంక్తుల లెక్క రెండింటినీ ముంచుతుంది.

నా వాదనకు అన్నిటికన్నా గట్టి ఎదురుమాట వేరే ఉంది. కోనసీమలో నమ్మకం నడిచేదే తాలూకు మీద కదా, ఫలానావారు చెప్పారంటేనే పని దొరుకుతుంది, దాన్ని తీసేస్తే కార్డుకు విలువేముంది అని. ఇది నిజం, కొట్టిపారేయలేను. కానీ ఆ నమ్మకం నోటి మాటగా వస్తుంది, ఒక్కో గుమ్మానికి ఒక్కో రకంగా వస్తుంది. ఒకరికి మేనమామ చెప్పాలి, ఇంకొకరికి స్కూలు మాస్టారు చెప్పాలి. వెయ్యి కార్డుల మీద ఒకే తాలూకు అచ్చువేస్తే అది కొందరికి సిఫారసు, మిగతావాళ్ళకు అడ్డుగోడ. చెప్పేవాళ్ళు చెప్పాక చేతిలో మిగలాల్సింది పని, చోటు, నంబరు. ఆ సిఫారసుకు కూడా కార్డులో చోటుంది, అదే వెనక వైపు. దాన్ని ఖాళీగా వదిలి, పెన్ను పారే గరుకు అట్ట వేయిస్తే, ఇచ్చేవాడు ‘శుక్రవారం వస్తాను’ అనో ‘మాస్టారు పంపారు’ అనో తన చేత్తో రాసిస్తాడు. చేతిరాత ఉన్న కార్డును అంత తొందరగా పారేయరు. మెరిసే లామినేషన్ వేయిస్తే కార్డు కలకాలం ఉంటుందని అనుకుంటాం గానీ దాని మీద బాల్‌పెన్ను జారిపోతుంది, సిరా చెమటకు చెదిరిపోతుంది. 300 జీఎస్‌ఎం మ్యాట్ అట్టకు ఆ ఇబ్బంది తక్కువ.

నమ్మకం గురించి ఇంకో మాట, ఇది అందం దాటిన విషయం. కోనసీమ నుంచి గల్ఫుకు పోయేవాళ్ళలో ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు చాలామంది. వాళ్ళ ప్రయాణం తరచుగా ఒక కార్డుతో మొదలవుతుంది. విమానం బొమ్మ, గడియార గోపురం బొమ్మ, ‘వీసా, టికెట్, మెడికల్’ అన్న మాటలు దాని మీద ఉంటాయి. 1983 నాటి వలసల చట్టం ప్రకారం కేంద్రం దగ్గర నమోదు పత్రం లేకుండా ఎవరూ పనివాళ్ళను బయటి దేశాలకు పంపే వ్యాపారం చేయకూడదు. ఆ పత్రం నంబరు కార్డు మీద ఉంటే చదువుకున్న పిల్ల ఒకర్తె ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో అది నిజమో కాదో చూడగలదు. లేకపోతే కార్డంతా వెతికినా పట్టుకునే కొస దొరకదు. ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటుకు రెరా నంబరు, తినే సరుకు అమ్మేవాళ్ళకు ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు ఇలాంటివే. నాయకుడి ఫొటోకు ఇచ్చే జాగాలో పదో వంతు చాలు వీటికి. ఎవరి తాలూకు అని ఆరా తీయాల్సిన చోటు నిజంగా ఇదొక్కటే, అక్కడ జవాబు చట్టం తాలూకు అని ఉండాలి.

అసలు కార్డుల రోజులే పోయాయి కదా, వాట్సాప్‌లో నంబరు పంపితే సరిపోదా అని అడిగేవాళ్ళకు సగం ఒప్పుకుంటాను. నంబరు అందించే పనిని ఫోను బాగా చేస్తుంది. అయితే నంబరు ఫోనులో పడేది ఒక్కరికి; మీటరు బోర్డు మీది కార్డు ఇంటిల్లిపాదిదీ, అద్దెకు దిగిన తర్వాతివాళ్ళదీ. క్యూఆర్ గళ్ళు వేసుకోవడం మంచిదే. 1994లో జపానులో డెన్సో వేవ్ కంపెనీ కారు విడిభాగాల లెక్క కోసం తయారుచేసిన ఆ చదరం ఇవాళ బొండాల బండి మీద కూడా ఉంది. అందులోనే ఒక జాగ్రత్త ఉంది: 2016లో యూపీఐ వచ్చాక మన జనానికి ఆ గళ్ళు కనిపిస్తే డబ్బు కట్టేచోటే. పక్కన ‘నంబరు సేవ్ చేసుకోవడానికి’ అని ఒక్క ముక్క వేయకపోతే స్కాన్ చేయడానికి భయపడతారు, ఆ భయం సబబే. ఒక్క ఫోను నంబరైతే ఒక్కో వైపు 21 గళ్ళుండే చిన్న చదరంలో ఇముడుతుంది. పేరు, చిరునామా, వెబ్‌సైటు అన్నీ కుక్కితే గళ్ళు నలుసుల్లా మారి పాత ఫోను కెమెరాకు అందవు. అక్షరాల దగ్గర చేసిన తప్పే గళ్ళ దగ్గరా చేయొచ్చు.

ఈ లెక్క అంతా సరిగ్గా పడితే ఎవరికి ఎక్కువ మేలు అని ఆలోచిస్తే నా కళ్ళకు ఆత్రేయపురం కనిపిస్తుంది. అక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. డబ్బాల మీద, కార్డుల మీద నెయ్యి, బెల్లం, డ్రైఫ్రూట్స్, దుకాణం పేరు, యజమాని పేరు అన్నీ ఉంటాయి. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను దాని మీద లాగి, కాగితం కన్నా పల్చని రేకును చిరగకుండా తీసేది ఇళ్ళలో ఆడవాళ్ళు. వాళ్ళను ఊళ్ళో ఫలానాయన భార్య, ఫలానావారి కోడలు అనే అంటారు. రేకు పల్చదనంలో ఒకరి చెయ్యికీ ఇంకొకరి చెయ్యికీ తేడా తెలిసినవాళ్ళు ఆ చెయ్యి కోసమే వెతుక్కుంటూ వస్తారు, వచ్చి దారిలో భర్త పేరు అడుగుతారు. ‘పూతరేకులు’ అని పెద్దగా, దాని కింద ‘రేకు తీసేది’ అని రాసి ఆమెను పిలిచే పేరు, తర్వాత ‘లొల్ల లాకుల దారి, ఆత్రేయపురం’, ఆమె చేతిలో ఉండే ఫోను నంబరు, లైసెన్సు నంబరు. ఇవన్నీ 9 పాయింట్లకు తగ్గని తెలుగులో అచ్చువేసినా, ఆ రెండంగుళాల ఎత్తులో ఇంకా కాస్త చోటు మిగులుతుంది.